బిధాన్ చంద్ర రాయ్: తన పేరున్న ఊరిని చూడకుండానే వెళ్లిపోయిన డాక్టర్

కోల్‌కతాలోని సాల్ట్ లేక్‌లో ఎవరి ఇల్లయినా వెతకాలంటే వీధి పేరు అడిగి లాభం లేదు. అక్కడ అడ్రసు అంటే రెండు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక నంబరు. ఏఈ బ్లాకులో ఫలానా ఇల్లు, సీకే బ్లాకులో ఫలానా ఇల్లు, అంతే. ఇంకా తెలియకపోతే మంచినీళ్ల ట్యాంకులే గుర్తులు. ఎనిమిదో నంబరు ట్యాంకు, పదమూడో నంబరు ట్యాంకు అన్నవి అక్కడ బస్టాపుల పేర్లు కూడా. రోడ్లు కలిసేచోట ఉండే గుండ్రటి పచ్చిక తిన్నెలను ఐలాండ్లు అంటారు. సందుగొందులకు, ముత్తాతల పేర్లున్న వీధులకు, వీధి అరుగుల మీద కబుర్లకు పేరుపడ్డ కలకత్తా పక్కనే ఇలా అంకెలతో, అక్షరాలతో గీతలు గీసినట్టున్న ఊరు ఉండటం కొత్తగా వెళ్లినవాళ్లకు వింతగానే ఉంటుంది.

ఆ ఊరికి కాగితాల మీద ఇంకో పేరుంది. బిధాన్‌నగర్. నగరపాలక సంస్థ పేరు అదే, పోలీస్ కమిషనరేట్ పేరూ అదే, దగ్గర్లోని రైల్వే స్టేషన్ పేరు బిధాన్‌నగర్ రోడ్. మాటల్లో మాత్రం అందరికీ అది సాల్ట్ లేకే, అంటే ఉప్పు చెరువు. చెరువు పోయి అరవై ఏళ్లయినా పేరు పోలేదు.

కాగితాల మీది పేరు డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్‌ది. ఏటా జులై 1న మనం జరుపుకొనే డాక్టర్స్ డే ఆయన పుట్టినరోజు, వర్ధంతి కూడా. పశ్చిమ బెంగాల్‌కు 14 ఏళ్లకు పైగా ముఖ్యమంత్రి. ఆ ఊరిని తలపెట్టింది ఆయనే. అయితే 1962లో ఆయన పోయేనాటికి అక్కడ ఒక్క ఇల్లూ లేదు, ఒక్క వీధీ లేదు. ఉన్నదల్లా నీళ్లు, బురద, ఆ బురదను పోసే పైపులు.

పట్నా నుంచి లండన్ దాకా

బెంగాల్ ఆధునిక శిల్పిగా పేరు తెచ్చుకున్న మనిషి పుట్టింది బెంగాల్ నడిబొడ్డున కాదు, పట్నాలోని బాంకీపూర్‌లో. 1882 జులై 1. తండ్రి ప్రకాశ్ చంద్ర రాయ్ ఎక్సైజ్ శాఖ ఉద్యోగి. తల్లి అఘోర్‌కామిని దేవి. ఇద్దరూ బ్రహ్మ సమాజంలో చేరినవారు. కందుకూరి వీరేశలింగాన్ని, రఘుపతి వెంకటరత్నం నాయుడిని కదిలించిన సమాజమే అది. కాబట్టి ఆ ఇంటి వాతావరణాన్ని తెలుగు పాఠకులు ఊహించుకోగలరు: విగ్రహాలు లేని ప్రార్థన, కులం పట్టింపు లేని భోజనం, ఆడపిల్లల చదువు మీద పట్టుదల. అఘోర్‌కామిని పెళ్లయ్యాక చదువు నేర్చుకుని బాంకీపూర్‌లో ఆడపిల్లలకు బడి నడిపారు. ఐదుగురు పిల్లల్లో చివరివాడైన బిధాన్‌కు 14 ఏళ్లప్పుడు ఆమె చనిపోయారు.

పట్నా కాలేజీలో గణితం ఆనర్స్ చదివాక ఆయన రెండు దరఖాస్తులు పెట్టారు, ఒకటి బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీకి, రెండోది కలకత్తా మెడికల్ కాలేజీకి. రెండుచోట్లా సీటు వచ్చింది. వైద్యం ఎంచుకున్నారు. చేరకుండా వదిలేసిన ఇంజనీరు ఆయనలో ఎక్కడికీ పోలేదనడానికి తర్వాతి జీవితమే సాక్ష్యం.

1901లో కలకత్తా చేరారు. చేతిలో డబ్బు తక్కువ. ఆ కాలేజీ రోజుల నుంచి తరచూ చెప్పుకునే సంగతి ఒకటుంది. ఒక ఆంగ్ల ప్రొఫెసర్ ఎక్కిన గుర్రపు బండి ట్రామ్‌ను గుద్దుకుంది. అక్కడే ఉన్న విద్యార్థి బిధాన్‌ను తన తరఫున సాక్ష్యం చెప్పమన్నారాయన. తప్పు బండి తోలినవాడిదేనని, కోర్టుకు పిలిస్తే అదే చెబుతానని కుర్రాడు జవాబిచ్చాడు. తర్వాత మౌఖిక పరీక్షకు ఆ ప్రొఫెసరే కూర్చున్నారు. బిధాన్ ఎంబీ తప్పారు. ఎల్ఎంఎస్ పట్టాతో డాక్టరై, ఆ తర్వాత ఎండీ చేశారు.

1909లో 1,200 రూపాయలు పట్టుకుని లండన్ ఓడ ఎక్కారు. సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి డీన్ ఆసియా విద్యార్థిని చేర్చుకోవడానికి ఇష్టపడలేదు. దరఖాస్తు తిరిగొచ్చింది. మళ్లీ పెట్టారు, మళ్లీ తిరిగొచ్చింది. అలా ముప్ఫై సార్లు అడిగాక చేర్చుకున్నారట. రెండేళ్ల మూడు నెలల్లో ఎంఆర్‌సీపీ, ఎఫ్‌ఆర్‌సీఎస్ రెండూ పూర్తిచేసి 1911లో తిరిగొచ్చారు. ఇటు ఫిజీషియన్, అటు సర్జన్ పట్టాలు అంత తక్కువ కాలంలో కలిపి తెచ్చుకోవడం అప్పట్లో చాలా అరుదు.

వెల్లింగ్టన్ ఇల్లు

తిరిగొచ్చాక కాలేజీల్లో పాఠాలు, బయట ప్రాక్టీసు. కొన్నేళ్లకే ఉత్తర భారతమంతా కబురంపే డాక్టరయ్యారు. మధ్య కలకత్తాలో వెల్లింగ్టన్ స్క్వేర్ పక్కన, నిర్మల్ చంద్ర వీధిలో ఆయన ఇల్లు. ట్రామ్ గంటలు, పుస్తకాల దుకాణాలు, సభలు, ఊరేగింపులు, ఎప్పుడూ కిటకిటలాడే పేట అది. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఇంటి కింది అంతస్తు రోగులదే. ముఖ్యమంత్రి అయ్యాక కూడా పొద్దున్నే ఆ ఇంట్లో ఉచితంగా రోగులను చూసి, తర్వాతే సచివాలయమైన రైటర్స్ బిల్డింగ్‌కు బయల్దేరేవారు. మనిషి గుమ్మంలోంచి నడిచొచ్చే తీరు చూసి రోగం చెప్పేసేవారని కలకత్తాలో కథలు కథలుగా చెబుతారు. అందులో ఎంత నిజమో ఎంత అభిమానమో విడదీయడం కష్టం కానీ, రోగిని చూడగానే తేల్చేసే ఆ అలవాటు పాలనలోనూ కనిపిస్తుంది. దాని మంచీ ఉంది, చెడూ ఉంది.

రాజకీయాల్లోకి రావడమే సంచలనంగా వచ్చారు. 1923లో బెంగాల్ శాసనమండలి ఎన్నికల్లో బారక్‌పూర్ నుంచి స్వతంత్రుడిగా నిలబడి, జాతీయోద్యమ కురువృద్ధుడు సురేంద్రనాథ్ బెనర్జీని ఓడించారు. ఆ తర్వాత ఆయన సభలో ఎత్తుకున్న విషయాల్లో హుగ్లీ నది కాలుష్యం ఒకటి. కారణాలేమిటో అధ్యయనం చేసి, నివారణ చెప్పాలని తీర్మానం పెట్టారు. 1920ల్లో నది మురికి గురించి చట్టసభలో మాట్లాడిన నాయకుడిని ఇంకొకరిని చెప్పడం కష్టం. కలరా ఏటా ఇంటికొచ్చే చుట్టంలాంటి నగరంలో డాక్టర్‌కు నీళ్లే మొదటి శత్రువు.

చిత్తరంజన్ దాస్ పోయాక ఆయన ఇంట్లో స్త్రీల ఆసుపత్రిగా మొదలైన చిత్తరంజన్ సేవాసదన్, జాదవ్‌పూర్ క్షయ ఆసుపత్రి వంటివాటి వెనుక రాయ్ శ్రమ ఉంది. 1930లో శాసనోల్లంఘనలో అరెస్టయి అలీపూర్ జైలుకెళ్లారు. బయటికొచ్చాక 1931లో కలకత్తా మేయరయ్యారు. 1933 నిరాహార దీక్ష సమయంలో పుణేలో, మళ్లీ 1943లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో గాంధీ పడక పక్కన ఉన్న వైద్యుల్లో ఆయనా ఒకరు. తనకొక్కడికే వైద్యం ఎందుకు, దేశంలోని కోట్లమందికి చేయగలవా అని గాంధీ ఓసారి మందు వద్దన్నారని, అందరికీ చేయలేను గానీ అందరి తరఫున ఒకరికి చేయడానికి వచ్చానని రాయ్ నచ్చజెప్పారని అంటారు.

తూర్పున ఉన్న నీళ్లు

ఆయన మేయర్ గది కిటికీలోంచి కనిపించకపోయినా, నగరానికి తూర్పున ఒక సమస్య పెరుగుతుండేది. కలకత్తా నేల పడమర ఉన్న హుగ్లీ వైపు కాకుండా తూర్పుకు వాలుతుంది. అందుకే ఆంగ్లేయుల కాలం నుంచీ మురుగును తూర్పున ఉన్న ఉప్పునీటి మడుగుల మీదుగా బిద్యాధరి అనే నదిలోకి వదిలేవారు. ఆ నదిలో సముద్రపు పోటు వచ్చి పోతుండేది కాబట్టి ఆ మడుగుల్లో ఉప్పునీరు, పండుగప్ప, రొయ్యలు. క్రమంగా నది పూడిపోయింది. 1928లో బిద్యాధరి చచ్చిపోయిన నది అని అధికారికంగానే ప్రకటించారు. పోటు ఆగాక మడుగుల్లో ఉప్పు తగ్గింది. మురుగును ఇంకా దూరంగా ఉన్న కుల్టీ నదికి చేర్చే కాలువల పథకాన్ని కార్పొరేషన్ ఇంజనీరు బీఎన్ డే రూపొందించారు.

ఇంజనీర్లు కాలువలు తవ్వుతుంటే జాలర్లు ఇంకో పని చేశారు. ఆ మురుగునే కాస్త కాస్తగా తమ చెరువుల్లోకి మళ్లించుకున్నారు. ఈ చెరువులను అక్కడ భేరీలు అంటారు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. మురుగు కొన్నాళ్లు ఎండలో నిలబడితే నాచు పెరుగుతుంది, నాచును చేపలు తింటాయి, నీళ్లు తేటపడతాయి. గట్ల కోతను ఆపడానికి అంచుల్లో గుర్రపుడెక్కను తడికల్లా పెంచుతారు. రోహు, కట్ల, మృగాల చేపలు తెల్లారేసరికి కలకత్తా బజార్లకు చేరేవి. చెరువులు దాటిన నీళ్లు వరి మళ్లకు, ధాపా దగ్గర చెత్త కుప్పల మీద పండించే కాలీఫ్లవర్, పాలకూరలకు. నగరం పారేసిన దాన్ని తీసుకుని నగరానికి తిండి పెట్టే ఏర్పాటు ఇది. ఏ కాలేజీలోనూ చదవనివాళ్లు తయారుచేసుకున్నది. కొల్లేరు చుట్టూ ఉన్న బతుకు తెలిసినవాళ్లకు గట్లు, పడవలు, మడుగు మీద హక్కుల తగాదాలు కొత్త కాదు.

రైటర్స్ బిల్డింగ్‌లో కూర్చున్నవాళ్లకు మాత్రం మ్యాప్‌లో అది పనికిరాని బాడవ నేల, దోమల గుంట. రాయ్‌ను తప్పుపట్టాలంటే ఇక్కడే పట్టాలి. నీటి జబ్బుల గురించి అంత తెలిసిన డాక్టర్‌కు, ఆ నీళ్లు నగరానికి చేస్తున్న వైద్యం కనిపించలేదు. అయితే ఆ రోజుల్లో అది కనిపించినవాళ్లు దాదాపు లేరు.

షియాల్దా ప్లాట్‌ఫాం

1947లో నెహ్రూ ఆయనను ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నియమించారు. రాయ్ అప్పుడు కంటి చికిత్సకు అమెరికాలో ఉన్నారు. ఆయన బదులు తాత్కాలికంగా కూర్చున్న మన హైదరాబాద్ సరోజినీ నాయుడే చివరికి ఆ పదవిలో కొనసాగారు. రాయ్‌కు అది అక్కర్లేకపోయింది. గాంధీ ఒత్తిడితో 1948 జనవరి 23న పశ్చిమ బెంగాల్ పాలనా పగ్గాలు అందుకున్నారు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. సరోజినీ కూతురు పద్మజా నాయుడు 1956లో బెంగాల్ గవర్నరుగా వచ్చారు, ఆయన చివరి ఆరేళ్లూ ఆమే గవర్నరు.

ఆయన చేతికొచ్చిన రాష్ట్రం సగం తెగిపోయి ఉంది. జనపనార మిల్లులు ఇటు, జనపనార పండే పొలాలు అటు. తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులు విడతలు విడతలుగా లక్షల్లో వస్తూనే ఉన్నారు. షియాల్దా రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కుటుంబాలు నెలల తరబడి ఉండిపోయాయి. అక్కడే వంట, అక్కడే కాన్పులు, అక్కడే చావులు. చోటు దొరకనివాళ్లు దక్షిణ కలకత్తాలో ఖాళీ భూములు ఆక్రమించి రాత్రికి రాత్రి వెదురు తడికలతో కాలనీలు కట్టుకున్నారు. ఆ ఆక్రమణలు తొలగించే అధికారంతో 1951లో ప్రభుత్వం చట్టం తెచ్చింది. కాలనీలు తిరగబడ్డాయి. చివరికి సర్కారే వెనక్కి తగ్గి, చాలా కాలనీలను ఉండనిచ్చింది. పంజాబ్ కాందిశీకులకు ఇచ్చినంత డబ్బు బెంగాల్‌కు ఎందుకివ్వరని రాయ్ నెహ్రూతో ఉత్తరాల్లో గట్టిగానే తగాదా పడ్డారు. మరోవైపు తమ రాష్ట్రంలో ఇక చోటు లేదంటూ కాందిశీకులను అండమాన్‌కు, దండకారణ్యానికి పంపే పథకాలకు తోడ్పడ్డారు. తెలంగాణలో కాగజ్‌నగర్ దగ్గర ఈస్గాం బెంగాలీ క్యాంపులను చూసినవాళ్లకు ఆ విభజన అల ఎంతదూరం కొట్టిందో తెలుసు.

ఈ ఒత్తిడిలోంచే ఆయన ఊళ్ల పిచ్చి పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనిక స్థావరం ఉన్నచోట కల్యాణి. దామోదర్ లోయలో ఉక్కు పట్టణం దుర్గాపూర్. హబ్రా పక్కన కాందిశీకుల కోసం అశోక్‌నగర్. దేశంలో మొదటి ఐఐటీ తమకే కావాలని పట్టుబట్టి, తెలుగు రైల్వే కుటుంబాలకు పుట్టిల్లులాంటి ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో, ఒకప్పటి నిర్బంధ శిబిరం భవనంలో 1951లో తెరిపించారు. డబ్బుల్లేక ఆగిపోయిన సత్యజిత్ రాయ్ మొదటి సినిమాకు ప్రభుత్వ సొమ్ము ఇప్పించిందీ ఈయనే. సినిమా పేరులో దారి ఉంది కదా అని రోడ్ల ఖాతాలో రాశారన్నది కలకత్తావాళ్లకు ఎప్పటికీ విసుగుపుట్టని జోకు.

అన్నీ ఫలించలేదు. కల్యాణిలో 1954లో కాంగ్రెస్ మహాసభలు ఆర్భాటంగా జరిగాయి, వెడల్పాటి రోడ్లు వేశారు, కానీ జనం కదల్లేదు. కలకత్తాకు 50 కిలోమీటర్ల దూరం గుమస్తా ఉద్యోగికి చాలా దూరం. 1956లో, భాషల వారీగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడుతున్న సంవత్సరంలోనే, ఆయన బెంగాల్, బీహార్‌లను ఒకే రాష్ట్రంగా కలిపేద్దామని ప్రతిపాదించారు. పట్నాలో పుట్టినవాడికి అది సహజంగా తోచిందేమో. బెంగాలీలు మండిపడ్డారు. కలకత్తాలో ఓ లోక్‌సభ ఉప ఎన్నికలో ఓడాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. 1953లో ట్రామ్ చార్జీ ఒక్క పైసా పెంచితే నగరం రణరంగమైంది. 1959 ఆగస్టు 31న తిండిగింజల కోసం రోడ్డెక్కిన జనం మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. 80 మంది చనిపోయారని ప్రతిపక్షాలు లెక్కగట్టాయి. పొద్దున ఉచితంగా నాడి చూసే చేతులు, సాయంత్రం ఆ పోలీసులను వెనకేసుకొచ్చిన చేతులు ఒకరివే. ఆయన జీవిత చరిత్రల్లో చాలావరకు ఈ రెండో భాగాన్ని ఒక పేరాతో దాటేస్తాయి.

బురద పైపులు

కల్యాణి నేర్పిన పాఠం దూరం. ఊరు కట్టాలంటే కలకత్తాను ఆనుకునే కట్టాలి. పడమర నది, ఉత్తర దక్షిణాలు నిండిపోయాయి. మిగిలింది తూర్పు నీళ్లు. 1950ల్లో డచ్ ఇంజనీర్లతో ఉత్తర సాల్ట్ లేక్‌ను అధ్యయనం చేయించారు. సముద్రాన్ని వెనక్కి నెట్టి బతికిన దేశంవాళ్లను పిలవడంలో తర్కం ఉంది. అంతర్జాతీయ టెండర్లు పిలిస్తే పని యుగోస్లావియా సంస్థకు దక్కింది.

పద్ధతిలో ఆయనలోని ఇంజనీరు కనిపిస్తాడు. హుగ్లీ అడుగున పేరుకున్న ఇసుక, ఒండ్రు ఎలాగూ ఓడలకు అడ్డం. దాన్ని తవ్వి, నీళ్లతో కలిపి పలచటి బురదగా చేసి, ఉత్తర కలకత్తా మీదుగా కిలోమీటర్ల పొడవున వేసిన పైపుల్లో తూర్పుకు తోలడం. గట్లు కట్టిన మడుగులో బురద దిగి, నీళ్లు బయటికి పోయి, నేల మిగులుతుంది. ఇటు నది లోతవుతుంది, అటు ఊరికి నేల వస్తుంది. చెప్పుకోవడానికి ఎంతో అందమైన లెక్క. ఆ లెక్కలో లేనిది ఒక్కటే: భేరీల మీద బతికే కుటుంబాలు. భూమి ప్రభుత్వానిదయ్యాక వలలు చుట్టేసి వాళ్లు ఇంకా తూర్పుకు జరిగారు, లేదా కూలి పనుల్లో కలిసిపోయారు. రాబోయే ఊరి ప్లాట్లలో వాళ్లకు వాటా లేదు. షియాల్దా ప్లాట్‌ఫాం వాళ్లకూ లేదు. ప్లాటు కొని సొంతిల్లు కట్టుకోగల మధ్యతరగతి కోసమే ఈ ఊరు తయారైంది.

1962లో పూడిక పని మొదలైంది. అంతకు ముందు సంవత్సరమే ఆయనకు భారతరత్న వచ్చింది. ఆ ఏడాది ఎన్నికల్లో గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1962 జులై 1, ఎనభయ్యో పుట్టినరోజు. పొద్దున ఎప్పటిలాగే రోగులను చూశారు. వేడుకకు వచ్చినవాళ్లు పూలదండలతో వెల్లింగ్టన్ ఇంటి ముందు గుమిగూడి ఉండగానే, మధ్యాహ్నానికి ఆయన పోయారు. ఇల్లు అప్పటికే తల్లి అఘోర్‌కామిని పేరిట వైద్యశాల నడపడానికి ఇచ్చేశారు.

తర్వాత ఊరు

పూడిన నేలకు రూపం ఇచ్చింది బెల్‌గ్రేడ్‌కు చెందిన దోబ్రివోయే తోష్కోవిచ్. ఐదు సెక్టార్లు. పెద్ద రోడ్లు కలిసేచోట సిగ్నళ్ల బదులు ఐలాండ్లు. పెద్ద రోడ్డు మీది బండి ఇళ్ల మధ్యకు దూసుకురాకుండా లోపలి వీధులను మెలికలు తిప్పి ఆపేశాడు. బ్లాకుకో పార్కు, బ్లాకుకో బజారు, నడుమ సెంట్రల్ పార్క్. రెండు మూడు అంతస్తులకు మించని ఇళ్లు, ముందు కొంచెం తోట. మొదట వచ్చినవాళ్లు రాత్రుళ్లు నక్కల కూతలు వినేవాళ్లమని, సాయంత్రమైతే బస్సు దొరికేది కాదని చెబుతుంటారు. ఊరవతలకు పోతున్నారని చుట్టాలు జాలిపడిన రోజులవి.

ఇళ్లు నిండకముందే 1971లో ఆ నేల మీదికి వచ్చినవాళ్లు వేరు. బంగ్లాదేశ్ యుద్ధ కాందిశీకులు. ఖాళీ ప్లాట్లలో గుడారాలు వెలిశాయి. మురుగు కాలువల కోసం తెచ్చిపెట్టిన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. గొట్టం మూతికి చీర కట్టి తలుపు చేసుకున్నారు. అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ఆ శిబిరాలు చూడటానికి వచ్చారు. యుద్ధం ముగిశాక వాళ్లు వెళ్లిపోయారు, గొట్టాలు నేల కిందికి వెళ్లాయి.

1972 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభలు అక్కడే జరిగాయి. బిధాన్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆ రోజుల్లోనే. ఇందిరాగాంధీ బస కోసం కట్టిన ఇల్లు ఇందిరా భవన్ అయింది. తర్వాత అందులో ఇరవై ఏళ్ల పైచిలుకు ఉన్నది జ్యోతిబసు. రాయ్ పాలనలో జైలుకెళ్లి, అసెంబ్లీలో రాయ్‌ను ఏళ్ల తరబడి నిలదీసిన ప్రతిపక్ష నాయకుడే ముఖ్యమంత్రిగా, మాజీ ముఖ్యమంత్రిగా రాయ్ పేరున్న ఊళ్లో కాపురమున్నారు. 2010 జనవరిలో ఆ ఊరి ఆసుపత్రిలోనే కన్నుమూశారు.

ప్లాట్లు అమ్మలేదు, 999 ఏళ్ల లీజుకు ఇచ్చారు. వారసులకు తప్ప బయటివాళ్లకు బదిలీ చేయకూడదన్నది షరతు. భూమి వ్యాపారం కాకూడదన్నది ఉద్దేశం. చాటుమాటు చేతిమార్పులు జరిగాయన్నది అందరికీ తెలిసిందే. తర్వాత ప్రభుత్వమే రుసుము కట్టించుకుని బదిలీకి వీలు కల్పించింది. లాటరీలో ప్లాటు తగిలిన ఆఫీసర్లు, ప్రొఫెసర్లు, డాక్టర్లు ఇళ్లు కట్టుకున్నారు, పిల్లలను చదివించారు. ఆ పిల్లలు బెంగళూరుకు, హైదరాబాద్‌కు, అమెరికాకు వెళ్లారు. ఇప్పుడు చాలా ఇళ్లలో కింది అంతస్తులో ఒక వృద్ధ జంట, ఒక పనిమనిషి, మేడ మీద తాళం. సాయంత్రం బ్లాకు పార్కులో నడకకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది తలలు తెల్లబడినవే. అక్షరాల బ్లాకులకు ప్రాణం వచ్చేది దుర్గా పూజకే. ఎఫ్‌డీ బ్లాకు పందిరి, బీజే బ్లాకు పందిరి అంటూ నగరమంతా చూడ్డానికి వస్తుంది. ప్లాన్‌లో తోష్కోవిచ్ గీసిన పార్కు ముక్క పూజకు నట్టింటి వాకిలి అవుతుంది.

కట్టడాలూ వచ్చాయి. 1984లో స్టేడియం, 2004లో చార్లెస్ కొరియా మెట్ల మీద జనం కూర్చుని కబుర్లాడుకునేలా గీసిన సిటీ సెంటర్, 2020లో మెట్రో. ఐదో సెక్టార్‌ను పరిశ్రమలకని వదిలారు, అది సాఫ్ట్‌వేర్ పేట అయింది. ఎప్పుడూ నిద్రలో ఉన్నట్టుండే బ్లాకుల పక్కనే, మన మాదాపూర్‌లా రాత్రీపగలూ వెలిగే అద్దాల మేడలు. పెద్ద వాన కురిస్తే మాత్రం రెండిటికీ తేడా లేదు. పూడ్చిన నేల కదా, పాత మడుగుల జాడ నీళ్లకు ఇంకా గుర్తుంది.

సాల్ట్ లేక్ చూపిన దారిలోనే ఇంకా తూర్పున్న భేరీలనూ పూడ్చాలని ప్రయత్నాలు మొదలయ్యాయి. అప్పటికి అక్కడి జాలర్ల పద్ధతిని ఏళ్ల తరబడి గట్ల మీద తిరిగి అర్థంచేసుకున్న ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ ఆ చెరువులు నగరానికి మూత్రపిండాల్లాంటివని అందరికీ చెబుతున్నారు. 1992లో కలకత్తా హైకోర్టు ఆ చిత్తడి నేలలను వేరే పనులకు మళ్లించకూడదని తీర్పిచ్చింది. 2002లో 12,500 హెక్టార్లు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరాయి. అదే ఏడాది అదే జాబితాలో మన కొల్లేరూ చేరింది. కొల్లేరులో చేపల చెరువులే ముప్పు అని గట్లు కొట్టాల్సి వచ్చింది, కలకత్తాలో చేపల చెరువులే నీళ్లను కాపాడాయి.

ఐదో సెక్టార్ మేడల వెనక నల్బన్ భేరీ ఇంకా ఉంది. తెల్లవారుజామున అక్కడ వల లాగిన చేపలు, ఆఫీసుల్లో రాత్రి షిఫ్టు దిగేవేళకు, బ్లాకు బజార్ల పీటల మీదికి వచ్చేస్తాయి. ఒకప్పుడు తమ ముంగిట్లోనే పెరిగిన చేపను ఏఈ బ్లాకువాళ్లు, సీకే బ్లాకువాళ్లు అక్కడ బేరమాడి కొంటారు.